సొంత సర్వర్ పెట్టుకుంటే, ఏది ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించేది ఎవరు?

ప్రశ్న: అనంతపురం అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. కొందరు మిత్రులతో కలిసి ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో రాయలసీమ సేద్యం, చెరువులు, చరిత్ర, సాహిత్యం గురించి మాట్లాడుకునే సమూహాన్ని నడుపుతున్నాను. కదిరి, కళ్యాణదుర్గం వైపు రైతులు, కర్నూలు, కడప జిల్లాల ఉపాధ్యాయులు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు అందులో సభ్యులు. ఈ మధ్య జరిగిన రెండు సంగతులు మమ్మల్ని బాగా కలవరపెట్టాయి.

వేరుశనగను ఎర్ర గొంగళి పురుగు తినేస్తోందని రైతు ఒకరు ఆకుల ఫొటో పెట్టి, పురుగుల మందు ట్యాంకుకు ఎంత పోయాలో, కొట్టిన తర్వాత పశువులు తాగే తొట్టిని ఎన్నాళ్లు మూసి ఉంచాలో అడిగారు. కాసేపటికే ఆ పోస్టు మాయమైంది. ఆత్మహత్యను ప్రేరేపించే విషయం ఉందని కారణం చూపించారు. ‘పురుగుల మందు’, ‘తాగే’ అన్న మాటలు ఒకే పోస్టులో ఉండటం వల్లనే యంత్రం అలా అనుకుని ఉంటుందని మా ఊహ. మన జిల్లాలో ఆ రెండు మాటలు కలిస్తే గుండె ఎందుకు ఝల్లుమంటుందో నాకు తెలుసు, కాబట్టి ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కానీ ఇది పొరపాటని విన్నవించుకున్నప్పుడు తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కరైనా అటువైపు ఉండాలి కదా. అందరికీ పంపే ఇంగ్లిష్ జవాబు ఒకటి వచ్చింది, అంతటితో సరి.

రెండోది ఇంకా బాధాకరమైనది. మా సమూహంలో చురుకుగా రాసే ఒక ఉపాధ్యాయురాలి ముఖాన్ని వేరే చిత్రానికి అతికించి, కింద బూతులు రాసి ఎవరో తిప్పారు. ఆ బూతులు తెలుగే, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారు. మాలో చాలామంది ఫిర్యాదు చేశాం. అది తమ నియమాలకు విరుద్ధంగా లేదని సమాధానం ఇచ్చారు. ఆమె రాయడం మానేశారు.

ఇక్కడ ఉండటం వృథా, ఎవరైనా సొంతంగా సామాజిక మాధ్యమం నడుపుకోవడానికి వీలిచ్చే మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ పెట్టుకుందాం, అక్కడ మన పైన ఏ కంపెనీ ఉండదు అని మా కుర్రవాళ్లు అంటున్నారు. నాకు ఆ మాట నచ్చింది, కానీ ధైర్యం చాలడం లేదు. కంపెనీ లేకపోతే కంపెనీ చేసే పని మనమే చేయాలి. మన దగ్గర కులం, పార్టీ, పాత కక్షలు ప్రతి చర్చలోకీ చొరబడతాయి. ఈరోజు ఒక వర్గం వారి పోస్టు తీసేస్తే, రేపు వారు సప్తగిరి సర్కిల్‌లో నన్ను నిలబెట్టి అడుగుతారు. ముఖం తెలియని కంపెనీ అన్యాయం చేయడం ఒక కష్టం, ముఖం తెలిసిన మనిషి న్యాయం చేయవలసి రావడం ఇంకో కష్టం. ఈ పనిలో అనుభవం ఉన్నవారు, చట్టం తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు 1: కర్నూలు సిస్టమ్స్ ఇంజనీరు

సార్, నేను మిత్రుల కోసం ఒక చిన్న మాస్టడాన్ సర్వర్ నడుపుతున్నాను కాబట్టి, ఆ అనుభవంతోనే చెబుతాను. మీ సందేహం సరైన చోటే ఉంది. ఎవరి సర్వర్ వారు నడుపుకునే వికేంద్రీకరణ వల్ల, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసే మోడరేషన్ అనే పని పోదు, అది చేతులు మారుతుంది. అలా మారడం మంచిదా కాదా అన్నది, అందుకునే చేతులు ఎవరివన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

మాస్టడాన్‌ను 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టారు. వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే యాక్టివిటీపబ్ పద్ధతిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించింది. జీమెయిల్ ఖాతా ఉన్నవారు యాహూ ఖాతాకు ఉత్తరం రాసినట్టే, మీ సర్వర్‌లోని రైతు ఇంకో సర్వర్‌లోని శాస్త్రవేత్తను అనుసరించవచ్చు. మన దేశంలో ఈ పేరు చాలామంది మొదటిసారి విన్నది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు నిరసనగా ఎందరో ఇటు వచ్చారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొన్న తర్వాత ఇంకా పెద్ద అల వచ్చింది. రెండుసార్లూ వచ్చినవారిలో చాలామంది మెల్లగా వెనక్కి వెళ్లిపోయారు. కొత్త చోట నిలవాలంటే చుట్టాలు, స్నేహితులు అందరూ అక్కడే ఉండాలి, అది ఒక్కరి ఇష్టంతో జరిగేది కాదు.

నిర్వాహకుడి చేతిలో ఉండే అధికారాలు ఇవి. మీ సర్వర్‌లో ఖాతా ఉన్నవారి పోస్టును తొలగించవచ్చు, ఖాతాను పరిమితం చేయవచ్చు, పూర్తిగా నిలిపివేయవచ్చు. బయటి సర్వర్‌లోని మనిషిని మాత్రం మీ సభ్యులకు కనిపించకుండా చేయగలరే తప్ప, అక్కడ అతని నోరు మూయించలేరు. ఒక సర్వర్ మొత్తం దుర్మార్గంగా ఉంటే దానితో సంబంధమే తెంచుకోవచ్చు. 2019 జూలైలో, ద్వేషపూరిత రాతలకు పేరుపడ్డ గ్యాబ్ అనే అమెరికా వేదిక మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. అది ఎవరైనా వాడుకోగల సాఫ్ట్‌వేర్ కాబట్టి దాన్ని తయారుచేసినవారు సైతం ఆపలేకపోయారు. కానీ ఎన్నో సర్వర్లు ఎవరికి వారుగా గ్యాబ్‌కు తలుపు మూశాయి, కొన్ని యాప్‌లు దాని చిరునామానే అడ్డుకున్నాయి. పైనుంచి ఉత్తర్వు లేకుండా ఇంతమంది ఒకే నిర్ణయానికి రావడం నాకు ఎంతో నమ్మకం కలిగించిన విషయం.

అలాగని లోపాలు దాచను. మీ సభ్యుడు తన పోస్టును తొలగిస్తే ఆ సమాచారం ఇతర సర్వర్లకు వెళుతుంది, కానీ అవి పాటిస్తాయన్న పూచీ లేదు. వ్యక్తిగత సందేశాలకు గోప్యలిపి (ఎన్‌క్రిప్షన్) రక్షణ లేదు, నిర్వాహకుడు తలుచుకుంటే డేటాబేస్‌లో చదవగలడు. అంతకంటే ముఖ్యంగా, మీ సభ్యులు అనుసరించే బయటివారి ఫొటోల నకళ్లు మీ సర్వర్‌లోనే వచ్చి కూర్చుంటాయి. డిస్క్ నిండిపోవడం ఒక్కటే కాదు, చెడ్డ చిత్రం వస్తే దాని నకలు మీ దగ్గర ఉన్నట్టే. పిల్లలపై అకృత్యాల చిత్రాలు మాస్టడాన్ సర్వర్లలో తిరుగుతున్నాయని 2023 జూలైలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. పెద్ద కంపెనీల దగ్గర అలాంటి వాటిని వేలిముద్ర పోల్చినట్టు పోల్చి పట్టుకునే ఏర్పాట్లు ఉంటాయి, చిన్న సర్వర్లలో చాలావాటికి ఉండవు.

అందువల్ల నా సలహా ఇది. ఎవరుపడితే వారు చేరేలా తెరవకండి, ప్రతి దరఖాస్తునూ చదివి చేర్చుకునే అమరిక మాస్టడాన్‌లోనే ఉంది. మొదట మీకు తెలిసినవారితో మొదలుపెట్టండి.

జవాబు 2: ప్రొద్దుటూరు

పెళ్లికి ముందు నేను హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టు సంస్థలో తెలుగు కంటెంట్ పరిశీలించే ఉద్యోగం చేశాను. సంస్థ పేరు, ఎవరి కోసం చేశామన్నది ఇక్కడ అనవసరం. మాస్టారి రెండు సంఘటనలూ చదువుతుంటే ఆ గది మళ్లీ కళ్లముందు కదిలింది.

తెర మీద ఎడమవైపు పోస్టు వస్తుంది, కుడివైపు కారణాల పట్టీ ఉంటుంది. నియమాలు ఇంగ్లిష్‌లో రాసినవి, ఉదాహరణలు అమెరికావి. ఆలోచించుకోవడానికి ఇచ్చే వ్యవధి క్షణాల్లో ఉంటుంది. ‘నీ అంతు చూస్తా’ అన్న మాట కర్నూలు కుర్రవాడు స్నేహితుడితో ఆటకు అన్నాడా, పాత పగ ఉన్న ఇంటి మనిషి అన్నాడా తెలియాలంటే, దాని పైనున్న నాలుగు కామెంట్లు చదవాలి, ఊరు తెలియాలి. మాకు ఆ ఒక్క వాక్యమే చూపించేవారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు బూతుల సంగతి మరీ దారుణం. ఒకే మాటను పది రకాల స్పెల్లింగులతో రాస్తారు, యంత్రానికి చిక్కదు, మనిషి దాకా చేరదు. 2021లో బయటికి వచ్చిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల సందర్భంలో వార్తాపత్రికలు రాసిన ఒక విషయం నాకు బాగా గుర్తుంది. మన రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో ఐదింటికి మాత్రమే ఆ సంస్థ తన కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చింది. కోట్లమంది మాట్లాడే భాషలకే ఈ గతి పడితే, మన సీమ యాస ఎవరికి పట్టింది?

అందుకే మన మాట తెలిసినవారి చేతికి ఈ పని రావాలని నేను మనసారా కోరుకుంటాను. ఎర్ర గొంగళి పురుగు గురించిన పోస్టును మీ సర్వర్‌లో ఏ మోడరేటరూ తీసేయరు, ఎందుకంటే వారి నాన్న కూడా ఆ పురుగుతో వేగినవాడే. కానీ మాస్టారూ, ఈ పని మనిషిని లోపలి నుంచి తినేస్తుంది. చూసినవి నిద్రలో వస్తాయి. జీతం ఇచ్చి, సెలవు ఇచ్చి చేయించిన చోటే మాతో పనిచేసినవారు నిలవలేకపోయారు. ఉచితంగా, ఇంటి పని, బడి పని అయ్యాక రాత్రిపూట ఒక్కరే చేస్తే ఎన్నాళ్లు చేస్తారు? విదేశాల్లో ఎన్నో సర్వర్లు డబ్బు చాలక కాదు, నడిపేవారు అలిసిపోయి మూతపడ్డాయి. కనీసం నలుగురిని పెట్టండి, వంతులు వేసుకోండి, వారిలో ఆడవాళ్లు తప్పనిసరిగా ఉండాలి. ఆ ఉపాధ్యాయురాలి ఫిర్యాదును ముందుగా ఒక ఆడమనిషి చదివి ఉంటే ‘నియమాలకు విరుద్ధంగా లేదు’ అన్న జవాబు వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

జవాబు 3: కడప న్యాయవాది

అధ్యాపకుల వారికి నమస్కారం. రెండు విషయాలు విడదీసి చూడాలి, ఎందుకంటే సొంత సర్వర్ మీ మొదటి సమస్యకు పరిష్కారం కావచ్చు గానీ రెండోదానికి కాదు. మీరంతా వేరే చోటికి వెళ్లిపోయినా ఆ చిత్రం ఆ పెద్ద మాధ్యమంలోనే తిరుగుతూ ఉంటుంది.

ముందు ఆ ఉపాధ్యాయురాలి సంగతి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన సమాచార సాంకేతిక నిబంధనలు, మార్ఫింగ్ చేసిన చిత్రాలపైనా నగ్న చిత్రాలపైనా బాధితులు గానీ వారి తరఫువారు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించే చర్యలు తీసుకోవాలని వచ్చినప్పుడే చెప్పాయి. సాధారణ రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోకండి. ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా దాని వెబ్‌సైట్‌లో ఉండి తీరాలి, ఆయనకు రాతపూర్వకంగా పంపండి. జవాబు తృప్తిగా లేకపోతే 2022 సవరణతో ఏర్పాటైన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి 30 రోజుల్లోగా వెళ్లవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. తెరను చిత్రంగా భద్రపరచి, ఆ పోస్టు లింకు, తేదీ, సమయం రాసి పెట్టుకోండి. ఆమె వెంట మీలో ఒకరు పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి, ఒంటరిగా పంపవద్దు.

ఇక మీ సర్వర్. చట్టం కళ్లకు అది చిన్నదైనా ‘మధ్యవర్తి’యే. ఇతరులు రాసినదానికి మీపై బాధ్యత పడకుండా 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది, కానీ ఆ రక్షణకు షరతులు ఉన్నాయి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ రాతలకు జైలుకు పంపే వీలిచ్చిన 66ఏ సెక్షన్‌ను కొట్టివేసిన సంగతి అందరికీ గుర్తుంది. అదే తీర్పులో ఇంకొక మాట ఉంది, అది మీకు ముఖ్యం. కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ అందినప్పుడే ఆ రాత చట్టవిరుద్ధమని మధ్యవర్తికి తెలిసినట్టు లెక్క. ఎవరో ఒకరు ఉత్తరం రాసి బెదిరించినంత మాత్రాన, విమర్శ చేసిన రైతు పోస్టును మీరు తీసేయనక్కర్లేదు. ఈ రక్షణ లేకపోతే భయపడే నిర్వాహకుడు ప్రతిదీ తొలగించుకుంటూ పోతాడు, చివరికి మిగిలేది పండుగ శుభాకాంక్షలే.

50 లక్షలకు మించి నమోదైన వినియోగదారులు ఉన్న సంస్థలకు ఉండే అదనపు బాధ్యతలు మీకు రావు. అయితే నియమాలను ప్రచురించడం, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపడం, గడువులోగా స్పందించడం, ఫిర్యాదు మీద తొలగించినదాన్ని 180 రోజులు భద్రపరచడం వంటివి చిన్నవారికీ వర్తిస్తాయి. నిబంధనలకు తరచూ సవరణలు వస్తున్నాయి కాబట్టి మొదలుపెట్టే రోజున తాజా ప్రతిని దగ్గర పెట్టుకోండి. 2023 మేలో అమెరికాలో కొలెక్టివా అనే మాస్టడాన్ సర్వర్ నిర్వాహకుల్లో ఒకరి ఇంటిని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ సోదా చేసింది. వేరే వ్యవహారంలో జరిగిన ఆ సోదాలో, ఇంట్లో ఉన్న సర్వర్ డేటాబేస్ నకలు కూడా వారి చేతికి పోయింది. సభ్యుల వివరాలను ఇంటి కంప్యూటర్‌లో తాళం లేకుండా ఉంచితే ఏమవుతుందో దాన్నిబట్టి గ్రహించండి.

జవాబు 4: ఆదోని విద్యార్థి

సార్, సర్వర్ నడిపే భారం లేకుండానే మోడరేషన్‌ను మన చేతికి తెచ్చుకునే ఇంకొక దారి ఉంది. ట్విటర్ లాంటి బ్లూస్కైని 2019 డిసెంబరులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఒక ప్రయోగంగా ప్రకటించారు, 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు. అక్కడ పోస్టుకు చీటీ అంటించే పనిని ఎవరైనా చేపట్టవచ్చు. ‘కులదూషణ’, ‘రుజువు లేని వార్త’, ‘మహిళలపై వేధింపు’ అని మన బృందం చీటీలు వేస్తే, మనల్ని నమ్మినవారు వాటిని దాచాలా, హెచ్చరికతో చూడాలా అని తమ ఫోన్‌లో తామే ఎంచుకుంటారు. నమ్మనివారికి మన చీటీ పట్టదు. ఒకరి నిర్ణయం అందరి మీదా పడదు కాబట్టి సర్కిల్‌లో నిలబెట్టి అడిగే పరిస్థితి తగ్గుతుంది.

ఇందులోనూ ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి. పేరుకు వికేంద్రీకృతమే అయినా అక్కడి ఖాతాల్లో అత్యధికం ఒకే కంపెనీ సర్వర్లలో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం కోరితే ఆ దేశంలో కొన్ని ఖాతాలు కనబడకుండా కంపెనీ చేసింది. అయితే అదే నెట్‌వర్క్‌కు ఇతరులు తయారుచేసిన యాప్‌లలో అవి కనబడుతూనే ఉన్నాయి.

మళ్లీ అనంతపురం అధ్యాపకుడు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారు చెప్పిన ప్రకారం ఆ ఉపాధ్యాయురాలి తరఫున ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపాం, పోర్టల్‌లోనూ నమోదు చేశాం. మా సమూహంలోని ఇద్దరు అమ్మాయిలు ఆమె వెంట ఉన్నారు.

ఆదోని తమ్ముడు చెప్పిన చీటీల పద్ధతి అభిప్రాయ భేదాలకు బాగుంది. కానీ ఆ చిత్రం లాంటిదానికి చీటీ అంటిస్తే ఏం లాభం? చూడదలుచుకున్నవాడు హెచ్చరిక దాటి చూస్తాడు. కొన్నింటిని తీసేయడమే న్యాయం. అందుకే నా మనసు సొంత సర్వర్ వైపే మొగ్గుతోంది, పాత సమూహాన్ని మూయకుండా. కర్నూలు మిత్రులకు ఒక్క ప్రశ్న. నలుగురు మోడరేటర్లలో ఇద్దరు ఒక మాట, ఇద్దరు ఇంకో మాట అంటే ఏం చేయాలి? వారిలో ఒకరు తన వర్గం వారిని కాపాడుతున్నారని అనుమానం వస్తే?

జవాబు 5: కర్నూలు సిస్టమ్స్ ఇంజనీరు

సార్, మన చెరువుల కింద నీరుగంటి తూము తీసేవాడు, మూసేవాడు, కానీ ఏ మడికి ముందు, ఏ మడికి వెనక అన్నది ఆయకట్టు రైతులంతా కూర్చుని ఒప్పుకున్న పద్ధతి. మోడరేటర్లను కూడా అంతవరకే పరిమితం చేయండి. నియమాలు సభ్యులంతా చర్చించి తెలుగులో రాసుకోవాలి, వాటిని అమలు చేయడమే ఆ నలుగురి పని. ఇది మనవాళ్ల చేతకాదని అనుకోవద్దు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇప్పటికీ ఇలాగే నడుస్తోంది. నిర్వాహకులను తోటి రచయితలే ఓటు వేసి ఎన్నుకుంటారు, వ్యాసం తొలగింపు ప్రతిపాదన మీద బహిరంగంగా చర్చ జరుగుతుంది, రచ్చబండ పేజీలో ఎవరైనా నిలదీయవచ్చు.

మీ ప్రశ్నకు నేను పాటించే పద్ధతి ఇది. మనిషికి తక్షణ హాని ఉన్నవాటిని, అంటే బెదిరింపు, ఇంటి చిరునామా బయటపెట్టడం, ఆడవారి చిత్రాలు, పిల్లల విషయం వంటివాటిని ఏ ఒక్క మోడరేటర్ అయినా వెంటనే తీసేయవచ్చు, చర్చ ఆ తర్వాత. మిగతా వాటిలో సమానంగా చీలితే పోస్టు ఉంటుంది. తన ఊరు, తన కులం, తన పార్టీకి సంబంధించిన గొడవ వస్తే ఆ మోడరేటర్ పక్కకు తప్పుకుంటారు, ఆ ఫిర్యాదును మీ జిల్లాకు సంబంధం లేనివారు చూస్తారు. అందుకే నలుగురినీ అనంతపురంలోనే తీసుకోకండి, ఒకరు కర్నూలు నుంచి, ఒకరు కడప నుంచి ఉండనివ్వండి. తీసేసిన ప్రతిదానికీ కారణం ఒక్క వాక్యంలో, బాధితుల పేరు లేకుండా, అందరూ చూసే పేజీలో రాయండి. నిలిపివేతకు గురయ్యే మనిషి తన అనుచరులను వెంటబెట్టుకుని ఇంకో సర్వర్‌కు మారే వీలుండాలి, కాబట్టి ఖాతాను నిలిపివేసే ముందే ఆ మార్పుకు గడువు ఇవ్వండి. పాత పోస్టులు వెంట రావని మాత్రం ముందే చెప్పండి.

సర్వర్ అమర్చే పనిలో నేను సాయం చేస్తాను. ప్రొద్దుటూరు నుంచి రాసిన అమ్మ ఒప్పుకుంటే, మోడరేటర్లకు మొదటి శిక్షణ ఆమె చేతుల మీదుగా జరిగితే బాగుంటుంది.

జవాబు 6: ప్రొద్దుటూరు

వస్తాను. అయితే శిక్షణలో మొదటి రోజు నియమాల గురించి కాదు, చూసినదాన్ని ఎవరితో చెప్పుకోవాలి, ఎప్పుడు తెర ఆపేయాలి అన్నదాని గురించే మాట్లాడతాను. దానికి మాస్టారు ఒప్పుకోవాలి.